ఏది ప్రశ్నో, ఏది పరీక్షో

సింహాచలం మాస్టారు సంతకం పెట్టలేదు.

ఏకాంబరం కాగితం బల్ల మీద పరిచి, కలం మూత కూడా తీసి చేతికిచ్చాడు. మాస్టారు కలం అందుకున్నారు. మూత మళ్ళీ పెట్టేసి, కలాన్ని పక్కకు జరిపి, కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఆయన అద్దాలు తుడుస్తున్నారంటే ఆ పని ఇప్పట్లో తెమలదని కొండ మీద అందరికీ తెలుసు.

"అన్ని పరీక్షలూ నెగ్గింది సార్," అన్నాడు ఏకాంబరం. "ఇంకేం కావాల మీకి?"

"ఒక్కటీ తప్పు పోనేదా?"

"ఒక్కటి కూడా పోలేదు."

"అదేరా. అందుకే నాకు నిద్ర పట్టడం నేదు," అన్నారు మాస్టారు.

ఏకాంబరానికి ఒళ్ళు మండింది. తప్పులు వస్తే బాగా లేదంటారు, రాకపోతే నిద్ర పట్టదంటారు. కానీ గట్టిగా అరిచే ఓపిక కూడా అతనికి మిగల్లేదు. కిటికీ పక్కనున్న కుర్చీలో కూలబడి, కాళ్ళు చాపుకుని, ఊరికే కూర్చున్నాడు.

పలమనేరుకు పైన గువ్వలకొండ మీద ఉంది ఆ చోటు. ఒకప్పుడు అడవిశాఖ వాళ్ళ బంగళా. మాస్టారిది శ్రీకాకుళం వైపు. విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పి చెప్పి, పదవీవిరమణ అయ్యాక, ఎవరికీ పనికిరాని ఆ బంగళాను అడిగి పుచ్చుకున్నారు. నేర్చుకుంటామని వచ్చిన వాళ్ళను ఉండనిచ్చేవారు. అది మఠం కాదు గానీ, మఠంలో ఉండే ఇబ్బందులన్నీ ఉండేవి. కోడి కూయకముందే లేవాలి, ఎవరి పళ్ళెం వాళ్ళే కడుక్కోవాలి. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది, ఆయన్ని ఏదైనా అడిగితే సూటిగా జవాబు చెప్పరు. వచ్చినవాళ్ళు చాలామంది వచ్చిన దారినే పోయారు. ఏకాంబరం మిగిలాడు.

మిగలడానికి కారణం ఉంది. అతని సొంతూరిలో నీళ్ళలో ఫ్లోరైడు. ఆ ఊళ్ళో పిల్లలు నవ్వితే పళ్ళు గోధుమరంగులో కనబడతాయి. పెద్దవాళ్ళకు నడివయసు రాకముందే మోకాళ్ళు వంగిపోతాయి. ఏకాంబరం అక్క కనకవల్లి ఇప్పుడు గోడ పట్టుకుంటే గానీ లేవలేదు. ఆ నీళ్ళలోంచి విషాన్ని పట్టి లాగేసే పొడి ఒకటి కనిపెట్టాలని అతను ఈ కొండెక్కాడు.

పొడులకు కొదవ లేదు, కాగితం మీద ఎన్నయినా తయారుచెయ్యవచ్చు. వాటిలో ఏది ఫ్లోరైడును పట్టుకుని మళ్ళీ వదలదో, పట్టుకునే పనిలో తనలోంచి ఇంకో విషాన్ని నీళ్ళలోకి దించదో తేల్చడమే కష్టం. నీళ్ళలో వేసి చూస్తే తెలియదా అంటే, తెలుస్తుంది. కాకపోతే కొన్నేళ్ళ తర్వాత, తాగినవాళ్ళ ఒంట్లో తెలుస్తుంది. ముందే తెలియాలంటే లెక్క కట్టాలి. ఆ లెక్క మామూలు కంప్యూటర్ల వల్ల కాదు, క్వాంటం కంప్యూటర్ కావాలి.

అంతటి యంత్రం కొండ మీద ఎక్కడుంటుంది? ఇక్కడ ఉన్నదల్లా ఒక చిన్న పెట్టె. దానికి వచ్చిన విద్య ఒక్కటే. వెలుగును రవ్వలు రవ్వలుగా విడదీసి, ఒక్కో రవ్వను మనం చెప్పిన కోణానికి తిప్పి, గాజుతీగలోకి వదులుతుంది. లెక్క కట్టే పెద్ద యంత్రం సముద్రపుటొడ్డున పట్నంలో ఒక కంపెనీ వాళ్ళ దగ్గర ఉంది. లెక్క ఏమిటో ఆ కంపెనీకి తెలిస్తే పొడి మీద వాళ్ళ పేరు పడుతుంది, ఆ తర్వాత అది కనకవల్లి కుండ దాకా రాదు. అందుకని గురుశిష్యులు ఒక ఉపాయం పన్నారు. అడిగే లెక్క అంతా రవ్వల కోణాల్లోనే దాగి ఉంటుంది. గాజుతీగ గుండా పెద్ద యంత్రానికి రవ్వలైతే అందుతాయి గానీ ఏ రవ్వ ఏ కోణంలో తిరిగి ఉందో తెలియదు. తెలుసుకోబోతే రవ్వ చెడుతుంది. ఏం చేస్తున్నానో తనకే తెలియకుండా అది లెక్క చేసి పంపుతుంది, వచ్చిన జవాబులోని మెలికను ఇక్కడ కొండ మీద విప్పుకుంటారు.

మరి అది సరిగ్గా చేసిందని నమ్మడం ఎలాగ? ఆ లెక్కను తిరిగి చేసి చూసే సత్తా ఈ పెట్టెకు లేదు. వాళ్ళు దొంగలని కాదు. అంత పెద్ద యంత్రాన్ని పూర్తిగా నడపడం మాటలు కాదు, ఎవరూ చూడరనుకుంటే సగం నడిపి తక్కినది అంచనా వేసి పంపించడానికి అబద్ధాలకోరే కానక్కర్లేదు, బద్ధకస్తుడైతే చాలు. అందుకని అసలు ప్రశ్నను ఎన్నో మార్లు అడుగుతూ, మధ్య మధ్యలో జవాబు ముందే తెలిసిన చిన్న ప్రశ్నలను కలుపుతారు. అవి పరీక్షలు. యంత్రానికి రెండూ ఒకేలా కనబడాలి. ఏది ప్రశ్నో ఏది పరీక్షో తెలియనివాడు అన్నిటినీ ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యక తప్పదు.

ఈ పద్ధతిని కుదిర్చి, పెట్టెను తయారుచేసి, రెండు ఎండాకాలాలు ఏకాంబరం దాని ముందే గడిపాడు. జుట్టు పలచబడింది. అమ్మ చేసిన సంబంధాల ప్రయత్నాలన్నీ వాయిదా పడి, చివరికి ఆమె కూడా విసిగి ఊరుకుంది. ఇప్పుడు జవాబు వచ్చింది. ఫలానా పొడి, ఇదిగో దాని కూర్పు. యంత్రం పరీక్షలన్నీ నెగ్గింది. మాస్టారు సంతకం పెడితే కాగితం కొండ దిగుతుంది.

ఆ కాగితం కోసం వచ్చిన మనిషి వసారాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. అతని పేరు రహంతుల్లా. ఊరూరా నీళ్ళ ఫిల్టర్లు బిగించే చిన్న సంస్థలో పనిచేస్తాడు. సంతకం కోసం ఇదివరకూ వచ్చి ఉత్తచేతులతో దిగిపోయాడు. ఈసారి ఎండలు ముదరకముందే పొడి తయారు కావాలని, కాగితం లేకుండా కదిలేది లేదని చెప్పి మరీ కూర్చున్నాడు. కూర్చున్నవాడు కాస్తా కునుకు తీస్తున్నాడు, కొండెక్కిన అలసట మరి.

కిటికీలోంచి అతణ్ణి చూసి ఏకాంబరానికి మళ్ళీ మాట పెగిలింది. ఆ మనిషికి ఏం చెప్పమంటారని మాస్టారిని అడిగాడు. యంత్రం మోసం చేసిందని మీ అనుమానమైతే ఎక్కడ చేసిందో చూపించండి అన్నాడు. చూపించలేకపోతే సంతకం పెట్టండి అన్నాడు. ఇదంతా చాలా నెమ్మదిగా, దాదాపు బతిమాలుతున్నట్టు అన్నాడు.

మాస్టారు కళ్ళజోడు పెట్టుకున్నారు. బల్ల మీద పొద్దుటి టిఫిను పొట్లం కాగితం పడి ఉంది. కొండ కింద టిఫిను బండి వాళ్ళది గుడియాత్తం, పొట్లాలు అరవ పేపర్లలో కట్టి ఇస్తారు. మాస్టారు ఆ కాగితాన్ని తీసి, చట్నీ మరక పడని వైపు తిప్పి, శిష్యుడికి ఇచ్చారు.

"నీకు అరవం వచ్చు కదా. చదువు."

ఏకాంబరం తెల్లబోయాడు. "మీకి అరవం రాదు కదా సార్."

"ఒక్క ముక్క రాదు. నువ్వు చదువు. మజ్జలో నీకు తోచినచోట ఒక్కో వాక్యం నీ సొంతానిది కలిపీ. పేపర్లో అది ఉండకూడదు. నాను పట్టుకుంటాను."

ఇప్పుడిదేం ఆట అనిపించింది ఏకాంబరానికి. అయినా ఎదురు చెప్పలేదు. మల్లెపూల ధర పెరిగిందని ఏదో వార్త, అది చదవడం మొదలుపెట్టాడు. మాస్టారు కళ్ళు మూసుకుని, చూపుడువేలు బల్ల మీద ఆనించారు. ఏకాంబరం నాలుగు వాక్యాలు చదివి, ఐదోది తన బుర్రలోంచి తీసి కలిపాడు. మార్కెట్టు గేటు దగ్గర ఒక ఆవు అడ్డం పడుకుందని అన్నాడు. ఎక్కడా తడబడలేదు, పేపర్లో ఉన్న మాటలాగే పలికాడు.

మాస్టారి వేలు బల్ల మీద టక్కుమంది.

కాకతాళీయం అనుకున్నాడు ఏకాంబరం. ఇంకాస్త దూరం చదివి, పూల వ్యాపారి ఒకడు ఏదో అన్నాడని కల్పించాడు. వేలు మళ్ళీ టక్కుమంది. అక్కణ్ణించి అతనిలో పంతం పుట్టింది. ఈసారి గొంతు ఎక్కడా లేపకుండా, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా ఒకే ఊపున చదువుకుంటూ పోయి, ఆ ఊపులోనే సొంత వాక్యం దొర్లించాడు. పట్టుబడ్డాడు. దొంగవాక్యం లేనిచోట కావాలని నసిగాడు, వేలు కదల్లేదు. నూనె మరకలో మాట కనబడక నిజంగా ఆగిన ఒక్కచోట మాత్రం మాస్టారు పొరపాటున కొట్టి, "కాదా? సరే, కానీ," అన్నారు. తక్కినవన్నీ పట్టేశారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్న వాడి పని అయింది ఏకాంబరానిది, అదీ అవతలివాడికి గుమ్మడికాయ అంటే ఏమిటో కూడా తెలియకుండా.

ఏకాంబరం కాగితం కింద పెట్టాడు.

"ఎట్ల సార్?"

"అరవం నాకు రాదురా," అన్నారు మాస్టారు. "నువ్వు వినబడతన్నావు."

అంతే అన్నారు. లేచి వెళ్ళి కూజాలోంచి నీళ్ళు వంచుకుని తాగారు, తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఏకాంబరం ఇంకా ఆ అరవ కాగితం వంకే చూస్తున్నాడు. కాసేపటికి అతని చూపు గదికి అవతలి మూలనున్న పెట్టె మీదికి పోయింది. అక్కడే ఉండిపోయింది.

ప్రశ్ననూ పరీక్షలనూ ప్రతి పూటా కలగలిపి పంపాలని మొదట్లో అతనే నియమం పెట్టుకున్నాడు. మొదటి ఎండాకాలం దాకా ఆ నియమం నడిచింది. ఆ తర్వాత ఒళ్ళు అలిసింది. పొద్దుటిపూట కొండ మీద చల్లగా ఉంటుంది, పెట్టె మాట వింటుంది, రవ్వలు ఒకదాని వెనక ఒకటి ముత్యాల్లా వస్తాయి. మధ్యాహ్నం పైకప్పు రేకు వేడెక్కితే పెట్టె చిరాకు పడుతుంది, రవ్వలు కొన్ని చెదురుతాయి, కొన్ని రానే రావు. అసలు ప్రశ్నను అలాంటి వేళ పంపడానికి ఏకాంబరానికి మనసొప్పలేదు. పొద్దున్నే తానం చేసి, పెట్టె అద్దాలు తుడిచి, ఊరి గంగమ్మను తలుచుకుని దాన్ని పంపేవాడు. ఒక్కో రవ్వకూ అక్క మోకాళ్ళు గుర్తొచ్చేవి. పరీక్షలదేముంది, వాటి జవాబులు తనకు తెలిసినవే. తిండి తిన్నాక, నిద్ర ముంచుకొస్తుంటే, అద్దాలు తుడవకుండా వాటిని పంపేసేవాడు. పంపడం పూర్తయిందంటే చాలనుకునేవాడు.

కోణాలు ఎవరికీ తెలియకుండా దాచాడు. ప్రశ్న ఏమిటో దాచాడు. ఏది ప్రశ్నో ఏది పరీక్షో మాత్రం అవతలివాడికి రోజూ తన చేత్తోనే చూపించాడు. శుద్ధమైన రవ్వలు వస్తే అసలుది, చెదిరినవి వస్తే పరీక్ష. ఒక్క కోణమూ తెలియక్కర్లేదు, ఏ పూట వచ్చాయో చూసుకుంటే చాలు. పరీక్షల మీద పడీ పడీ పనిచేసి, అసలుదాన్ని అంచనాతో సరిపెట్టినా, యంత్రం పరీక్షలన్నీ నెగ్గుతుంది. ఒక్కటీ తప్పుపోదు.

కంపెనీ వాళ్ళు అలా చేశారో లేదో ఎవరికీ తెలియదు. అసలు బాధ అదే.

"అసల్ది పొద్దన పంపేవాణ్ణి సార్," అన్నాడు ఏకాంబరం. "పరీక్షలు మధ్యాన్నం."

"అలాగా," అన్నారు మాస్టారు.

"అది చెడిపోగూడదని. అందుకనే."

మాస్టారు తిట్టలేదు. తిట్టి ఉంటే ఏకాంబరానికి కొంచెం తేలిగ్గా ఉండేది. తల వంచుకుని కాసేపు ఏడ్చాడు. రెండు ఎండాకాలాల అలసట ఒక్కసారిగా మీద పడినట్టయింది. దేని మీద అంత ప్రేమ పెట్టుకున్నాడో ఆ ప్రేమే గుట్టు రట్టు చేసిందని తెలిశాక, ఇంక కోపం తెచ్చుకోవడానికి అవతల మనిషంటూ ఎవరూ మిగల్లేదు.

సంతకం లేని కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని వసారాలోకి నడిచాడు. చప్పుడుకు రహంతుల్లా మెలకువ తెచ్చుకుని, మొహం తుడుచుకుని, చెయ్యి చాపాడు. ఏకాంబరం పక్కన కూర్చున్నాడు.

"ఇయ్యలేను భాయ్," అన్నాడు.

రహంతుల్లా చాపిన చేతిని వెనక్కి తీసుకోలేదు, అలాగే మోకాలి మీద పెట్టుకున్నాడు. "తప్పయిందా?"

"తెలీదు. సరి అనేదానికి నా దగ్గర రుజువు లేదు."

"మొన్న ఉండాదని ఫోను చేస్తివే."

"ఉండాదనుకుంటిని. పొరపాటు నాదే."

రహంతుల్లా కొంతసేపు కొండ కిందికి చూశాడు. ఈ ఎండాకాలమూ పోయినట్టేనా అని అడిగాడు. పోయినట్టే అని ఏకాంబరం చెప్పాడు. పోనీ పొడి తయారుచేసి ఒక్క ఊళ్ళో పెట్టి చూద్దామా, ఎవరికి తెలుస్తుంది అని రహంతుల్లా మెల్లగా అన్నాడు. ఏ ఊళ్ళో పెడదాం అని ఏకాంబరం అడిగేసరికి ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఇద్దరికీ తెలిసిన ఊళ్ళే, తెలిసిన మనుషులే.

"మీ అక్కకు చెప్పి వస్తిని తమ్ముడూ, ఈసారి కాగితం తెస్తానని," అన్నాడు రహంతుల్లా చివరికి.

"నేను పోయి చెప్తాలే."

"నువ్వు పోతే ఇక్కడ పనెవరు చేస్తారు? నేనే చెప్తాను." ఖాళీ సంచిని చంకలో పెట్టుకుని లేచాడు. మెట్ల దాకా వెళ్ళి ఆగి, తిన్నావా అని అడిగాడు. తిన్నానని ఏకాంబరం అబద్ధమాడాడు. రహంతుల్లా దిగిపోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఏకాంబరం రవ్వ ఒక్కటి కూడా పంపలేదు. పెట్టెను విప్పి దాని లోపల కొంత మార్చాడు. ఇప్పుడిక ఎప్పుడు ప్రశ్న వెళ్ళాలో, ఎప్పుడు పరీక్ష వెళ్ళాలో పెట్టే చీటీలు వేసుకున్నట్టు తనలో తాను తేల్చుకుంటుంది. తేల్చుకున్నది జవాబులన్నీ తిరిగి వచ్చేదాకా బయటపెట్టదు. అడిగినా చెప్పదు. తను కట్టిన పెట్టె ముందు తనే పరాయివాడిలా కూర్చోవలసి వచ్చింది ఏకాంబరానికి.

మళ్ళీ మొదలుపెట్టిన పొద్దున అతను తానం చేసి వచ్చి, అద్దాలు తుడిచాడు. గంగమ్మను తలుచుకోబోయి, వెళ్ళేది ప్రశ్నో పరీక్షో తెలియక ఒక క్షణం ఆగాడు. తర్వాత తలుచుకున్నాడు. రవ్వలు వెళ్ళాయి. మధ్యాహ్నం రేకు కాలిపోతుంటే, నిద్రకు తూగుతుంటే, తడిగుడ్డ తెచ్చి పెట్టె మీద పరిచి, చల్లబడేదాకా కూర్చుని, మళ్ళీ అద్దాలు తుడిచాడు. ఇది వట్టి పరీక్షేనేమో, ఈ చాకిరీ అంతా బూడిదలో పోసిన పన్నీరేమో అని మనసు పీకింది. అయినా మళ్ళీ గంగమ్మను తలుచుకునే పంపాడు. సాయంత్రానికి నడుము పడిపోయింది. అసలు ప్రశ్న ఆ రోజు ఒక్కసారైనా వెళ్ళిందో లేదో తెలియదు.

మాస్టారు చేతికర్ర పట్టుకుని అటుగా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఏకాంబరం తుడిచిన గుడ్డ పిండుతూ, అటు తిరక్కుండానే అడిగాడు.

"సార్, ఇంత చేసినాక, మన పొడి తప్పని తేల్తే?"

"తేలతాది కదరా," అన్నారు మాస్టారు. "ఇన్నాళ్ళూ మనకి అదీ నేదు."